పీపా మరచిపోని ద్రాక్ష

ఇంగువ కట్టిన గుడ్డకు ఇంగువ పోయినా వాసన పోదు. చితికిపోయిన పెద్దింటివారిని దెప్పడానికి మనవారు యీ మాట వాడుతుంటారు గాని, స్కాట్లండులో విస్కీ తయారీ చాలవరకు యీ సూత్రంమీదనే నడుస్తున్నది. అక్కడ గుడ్డకు బదులు ఓకు చెక్కతో చేసిన పీపా. ఇంగువకు బదులు ద్రాక్షాసవం.

సింగిల్ మాల్ట్ అనగా ఏమిటో ముందు చెప్పుకోవాలి. బార్లీ గింజలను నానబోసి, మొలకెత్తించి, ఆరబెట్టి, మరపట్టించి, వేడినీటితో తీపిరసం తీస్తారు. దానిని ఈస్టుతో పులియబెట్టి, రాగి బట్టీలలో సాధారణంగా రెండుమార్లు కాచి దింపుతారు. ఒకే బట్టీశాలలో తయారవుతుంది గనుక అది 'సింగిల్'. దిగిన నాడు అది నీటివలె రంగులేనిది. 2009 నాటి బ్రిటిష్ నిబంధనల ప్రకారం 700 లీటర్లకు మించని ఓకు పీపాలలో, స్కాట్లండు గడ్డమీదనే, కనీసం మూడేళ్లు మగ్గితే గాని దానికి స్కాచ్ అనే పేరు చెల్లదు. ఆ మగ్గడంలో ఏటా నూటికి రెండువంతుల సరకు ఆవిరైపోతుంది. అది దేవదూతల వాటా అని అక్కడివారు సరిపెట్టుకుంటారు. దేవతలకు నైవేద్యం పెట్టి తామే ఆరగించే మనకంటె వారే నిజాయితీపరులు కాబోలు!

పాత పీపాల వాడకం మొదట కళ కాదు, పొదుపు. స్పెయిన్‌నుంచి షెర్రీ అనే ద్రాక్షాసవం పీపాలతోనే బ్రిటన్ రేవులకు దిగేది. ఖాళీ అయిన పీపాలను తిరిగి పంపడం దండుగ. విస్కీవారు చవకగా కొనుక్కునేవారు. అమెరికాలో బూర్బన్ విస్కీకి లోపల కాల్చిన కొత్త ఓకు పీపా వాడి తీరాలని చట్టం. ఒకసారి వాడిన ఆ పీపాలూ ఓడలెక్కి స్కాట్లండు చేరసాగాయి.

స్పే నదీప్రాంతంలోని డఫ్‌టౌన్‌లో బాల్వెనీ అనే బట్టీశాల ఉన్నది. ఆ సంస్థలో 1962లో గుమాస్తాగా చేరిన డేవిడ్ స్టూవర్ట్ అనే ఆయన, 1980ల తొలినాళ్లలో ఒక ప్రయోగం చేశాడు. బూర్బన్ పీపాలలో ఏళ్లతరబడి మగ్గిన విస్కీని షెర్రీ పీపాలలోనికి మార్చి కొన్ని నెలలుంచి చూచాడు. 1993లో వచ్చిన 'డబుల్‌వుడ్' ఆ పద్ధతిలోనిదే. పన్నెండేళ్ల వయస్సు. రెండవ పీపా కాపురం తొమ్మిది నెలలు. ఈ పద్ధతికి ఆద్యులం మేమేనని చెప్పుకునేవారు మరికొందరు కూడా ఉన్నారు.

ఇక్కడ చట్టంలో ఒక చమత్కారం ఉన్నది. పీపాలోని విస్కీలో చెంచాడు ద్రాక్షాసవం పోస్తే అది స్కాచ్ కాదు. నీరు, రంగు సరిచేయడానికి కారమెల్ తప్ప మరేమీ కలుపరాదు. కాని చెక్క తాగి దాచుకున్న ద్రాక్షాసవం విస్కీలోనికి ఊరితే తప్పులేదు! 1980ల తరువాత స్పెయిన్‌నుంచి షెర్రీ సీసాలలోనే రావడంతో పాత పీపాలు కరవయ్యాయి. ఇప్పుడు విస్కీవారి కోసమే కొత్త పీపాలు చేసి, ఏడాదో రెండేళ్లో షెర్రీ పోసి నానబెడుతున్నారు. ఒకప్పుడు ద్రాక్షాసవం కోసం పీపా; నేడు పీపా కోసం ద్రాక్షాసవం. నానబెట్టిన ఆ షెర్రీని ఒక్కొక్కప్పుడు వినిగరుగా మార్చివేస్తారు కూడా.

అయితే యీ వాసన విస్కీ సంపాదించినదా, ఎరువు తెచ్చుకున్నదా? దీనిని తేల్చేది నాలుక కంటె ముందు ముక్కు. నేర్పరులైన పరీక్షకులు రోజంతా గ్లాసులు వాసన చూస్తారేగాని తాగరు. నాకు కూడ ముక్కే సాక్ష్యమిచ్చింది. మూతి ఇరుకైన గ్లాసులో పోసినదానిని దూరంనుంచి చూచినప్పుడు ఎండుద్రాక్ష, దాల్చినచెక్క ముందుకు వచ్చాయి. పిదప నాలుగు చుక్కలు నీరు పోశాను. నీరు పోయడం చాదస్తం కాదు. విస్కీ పలచబడితే దానిలోని గ్వయకాల్ అనే సువాసన ద్రవ్యం ఉపరితలానికి చేరుతుందని స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులిద్దరు 2017లో కంప్యూటరు లెక్కలతో చూపారు. నా గ్లాసులో నీటి తరువాత ద్రాక్ష కొంత వెనుకకు జరిగింది. తేనె, వెనిలా పైకి వచ్చాయి. వెనిలా చెక్కదే, ఓకులోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ అవుతుంది. వాటి అడుగున మొలకెత్తిన ధాన్యపు కమ్మదనం ఇంకా ఉన్నది.

ఆ ధాన్యం దొరకకపోతే నేను పెదవి విరిచేవాడిని. రెండవ పీపాలో మరీ ఎక్కువ కాలముంచి, ఎర్రని రంగు చూపి అమ్మే సరకూ బజారులో ఉన్నది. దానిని తాగేవారికి ద్రాక్షాసవమే చవకగా దొరుకుతుంది గదా!

తాగినదెవరో చెప్పను గాని, ఖాళీ అయిన గ్లాసును కడగకుండా బోర్లించి ఉంచాను. మర్నాటి ఉదయం ముక్కు దగ్గర పెట్టి చూస్తే ద్రాక్ష లేదు. ఎండిన చెక్క వాసన, దాని వెనుక సన్నగా బార్లీ.