‘కె’ అంటే కిలోనా, కెల్వినా?

వెంగళరావు నగర్, యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ పేటల్లో ఉండి ఫిల్మ్‌నగర్ వైపు పనికి వెళ్లే సినిమా వాళ్ల నోట ‘కె’ అన్న అక్షరం తరచుగా వినిపిస్తుంది. లైట్‌మన్ ‘18కె’ అంటే 18 కిలోవాట్ల దీపం. కెమెరా విభాగంలో ‘4కె’ అంటే బొమ్మ అడ్డంగా సుమారు నాలుగు వేల పిక్సెళ్లు. థియేటర్ల ప్రమాణం ప్రకారం సరిగ్గా 4,096. అదే ఛాయాగ్రాహకుడు ‘5600కె’ అన్నాడంటే అక్కడ కిలో ప్రసక్తే లేదు. అది కెల్విన్, ఉష్ణోగ్రత ప్రమాణం; 5600కె పగటి వెలుగు రంగును తెలుపుతుంది. ఇంగ్లిష్‌లో కిలోను చిన్నబడి అక్షరంతో, కెల్విన్‌ను పెద్దబడి అక్షరంతో రాయాలి. నోటితో అనేసరికి ఆ తేడా పోతుంది.

అందుకే కొలతల ముందు చేరే ఈ ఉపసర్గలను పొడి అక్షరాలుగా కాక పూర్తిగా పలకడం మంచిది. తెలుగులో అది సులువు కూడా. కిలోమీటర్‌లో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్నది ఇంగ్లిష్ వాళ్ల తగువు. మనకు ‘కిలో’ విడిగా ఉన్నా, మీటర్‌తో కలిసినా ఒకటే. ‘గిగా’ సంగతి కొంచెం వేరు. రాక్షసాకారుడని అర్థమిచ్చే గ్రీకు మాట నుంచి వచ్చిన దీన్ని ‘జిగా’ అనేవాళ్లూ ఉన్నారు. 1985 నాటి ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ సినిమాలో శాస్త్రవేత్త అలాగే అంటాడు. అది తప్పు కాదు గానీ, మన దగ్గర స్థిరపడింది గిగాయే. దాన్నే వాడుకుందాం.

మన లెక్కలో మెగా పది లక్షలు, గిగా వంద కోట్లు, టెరా లక్ష కోట్లు. ఎడిటింగ్ గదిలో ఒక టెరాబైట్ హార్డ్ డిస్కును కంప్యూటర్‌కు తగిలిస్తే చాలాసార్లు 931 జీబీ అనే చూపిస్తుంది. డిస్కు చేసినవాళ్లు మోసం చేయలేదు. వాళ్లు వెయ్యి చొప్పున హెచ్చించారు, కంప్యూటర్ 1,024 చొప్పున భాగించింది. ఈ రెండో లెక్క కోసమే 1998లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ కిబి, మెబి, గిబి, టెబి అనే వేరే పేర్లు పెట్టింది. ఆ 931 నిజానికి గిబిబైట్లు. పేర్లు వచ్చి ఇన్నేళ్లయినా పెద్దగా వాడుకలోకి రాకపోవడం విచారకరం. ఇక కిలో, మెగాల వరసలోకి 2022లో రొన్నా, క్వెట్టా, రొంటో, క్వెక్టో కూడా చేరి ఆ ఉపసర్గలు 24 అయ్యాయి.

పెద్ద కొలతల్లో పొరపాటు గందరగోళంతో పోతుంది. చిన్న కొలతల్లో ప్రాణం మీదికి రావచ్చు. థైరాయిడ్ మాత్రల మోతాదు మైక్రోగ్రాముల్లో ఉంటుంది: 25, 50, 100. ఇంట్లో మాత్రం ‘50 ఎంజీ మాత్ర’ అనేస్తాం. మిల్లీగ్రాము మైక్రోగ్రాముకు వెయ్యి రెట్లు. మైక్రోకు వాడే గ్రీకు అక్షరం చేతిరాతలో ‘ఎం’లా కనిపించే ప్రమాదం ఉందనే వైద్యంలో ‘ఎంసీజీ’ అని రాయమంటారు. చెవికి ఎంజీ, ఎంసీజీ కూడా దగ్గరగానే వినిపిస్తాయి. మందుల షాపులో అడిగేటప్పుడు, ఫోనులో డాక్టరుకు చెప్పేటప్పుడు ‘యాభై మైక్రోగ్రాములు’ అని పూర్తిగా అనండి. ఇంట్లో పెద్దవాళ్లకు మాత్రలు తెచ్చిచ్చే పిల్లలకూ అలాగే చెప్పడం నేర్పండి.