క్లిప్పులు పెట్టుకుంటే ఆడపిల్లేనా?

అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త రీటా డెవ్రీస్ 1969లో ప్రచురించిన పరిశోధనలో ముఖ్యపాత్ర మేనార్డ్ అనే పిల్లిది. మొహానికి కుక్క మాస్కు తగిలించినా ఊరుకునే సాధుజీవి. దాని ముందు భాగాన్ని తెర చాటున ఉంచి మాస్కు తొడిగారు. తోక వైపు మాత్రం పిల్లల కళ్లెదుటే ఉంది. అయినా మూడేళ్లవాళ్లలో చాలామంది అది కుక్క అయిపోయిందన్నారు. ఆరేళ్లవాళ్లు ఒప్పుకోలేదు.

ఆడా మగా విషయంలోనూ పసివాళ్ల లెక్క ఇదేనని మరో అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లారెన్స్ కోల్‌బర్గ్ 1966లోనే రాశాడు. ‘నేను మగపిల్లాణ్ణి’ అని మూడేళ్లకల్లా చెప్పేస్తారు. ఎప్పటికీ అలాగే ఉంటామని మాత్రం తెలియదు. పెద్దయ్యాక అమ్మనవుతానని కొడుకు అంటే మనం నవ్వుతాం గానీ, వాడు నిజంగానే అంటున్నాడు. వయసు పెరిగినా మారమని నాలుగైదేళ్లకు, వేషం మార్చినా మారమని ఆరేడేళ్లకు తెలుస్తుందట.

పిల్లలకు ఇది తెలియకపోవడం బుద్ధి ఎదగకా, మనం చెప్పకా? నాకు అసలు ప్రశ్న ఇదే అనిపిస్తుంది. అడిగింది మనస్తత్వ శాస్త్రవేత్త సాండ్రా బెమ్. ఆమె కొడుకు ఒకరోజు జుట్టుకు క్లిప్పులు పెట్టుకుని నర్సరీకి వెళ్లాడు. నువ్వు ఆడపిల్లవేనని తోటి పిల్లాడొకడు పట్టుబట్టాడు. చెప్పి చెప్పి విసిగి, వీడు నిక్కరు కిందికి లాగి చూపించాడు. అవతలివాడు తొణకలేదు. అది అందరికీ ఉంటుంది, క్లిప్పులు పెట్టుకునేది ఆడపిల్లలే అన్నాడు!

1989లో ప్రచురించిన పరిశోధనలో బెమ్ మూడు నుంచి అయిదేళ్ల పిల్లలకు ఫొటోలు చూపించింది. మొదట బట్టల్లేని పసివాడు, తర్వాత ఆడపిల్ల వేషంలో వాడే. పసిపాప ఫొటోలూ అలాగే. వేషం మారినా ఆడో మగో చెప్పడంలో సుమారు 40 శాతం మంది తడబడలేదు. వాళ్లలో ఎక్కువమంది శరీరంలో తేడా ఎక్కడుందో ముందే తెలిసినవాళ్లు. ‘షేమ్ షేమ్’ అంటూ గబగబా నిక్కరు తొడిగేసే మన ఇళ్లలో పిల్లలకు ఆ సంగతి ఎవరు చెబుతారు? జడ, గాజులు, గౌను చూసి తేల్చుకోవాల్సిందే.

అందుకే కాబోలు, అయిదేళ్లప్పుడు ఆ గుర్తుల మీద అంత పట్టుదల. కరోల్ మార్టిన్, డయాన్ రూబుల్ అనే పరిశోధకులు 2004లో పిల్లల్ని డిటెక్టివులతో పోల్చారు: ఎవరూ నేర్పకపోయినా ఎవరు ఏం వేసుకున్నారు, దేనితో ఆడుతున్నారు అని ఆరా తీసి, సూత్రాలు కట్టేస్తారు. జర్మనీలో ట్రౌట్నర్ బృందం పిల్లల్ని అయిదో ఏటి నుంచి పదో ఏటి దాకా గమనించి 2005లో ఫలితాలు ప్రకటించింది. అయిదారేళ్లకు ఈ పట్టింపు పతాకస్థాయికి చేరి, ఆ తర్వాత రెండు మూడేళ్లలో బాగా సడలింది. మొదట్లో మహా మొండిగా ఉన్నవాళ్లూ మిగతావాళ్లలాగే మెత్తబడ్డారు.