విమానయంత్రమునకు నమ్మిక యెట్లు కలిగెను?

వశిష్ఠ గోదావరి సముద్రమును గలియు మన యంతర్వేదిలో మరపడవ యంత్రము నడినీట నాగినచో లంగరు వేసి కేక వేయవచ్చును. ఆకాశమున లంగరు లేదు. విమానయంత్రమునకు నమ్మిక శిల్పి నేర్పువలననే కాక, కొనువాని కోరికవలన నెట్లు కలిగెనో మనవిచేసెదను.

1953లో అమెరికా ప్రభుత్వము తన దేశపు విమానసంఘముల కొక కట్టుబాటు చేసెను. రెండు యంత్రముల విమానము, ఒకటి యాగినను 60 నిమిషములలో విమానాశ్రయము చేరగల త్రోవనే పోవలెను. అందుచే మహాసముద్రములు దాటుటకు మిక్కిలిగా మూడు నాలుగు యంత్రముల విమానములే వాడుకయందుండెను. 1973లో చమురు వెల హెచ్చెను. నాలుగు ఎడ్లకు మేత పెట్టుటకంటె రెండింటికి పెట్టుట చౌక గదా! విమానసంఘములవారు రెండు యంత్రముల విమానములనే కోరిరి. యంత్రము చెడకుండుటను లెక్కలతో నిరూపించినగాని ప్రభుత్వము దూరపు త్రోవ నీయదయ్యెను. తయారుచేయువారు పోటీపడి మెరుగుపరచిరి. 1985లో 120 నిమిషములకు, 1988లో 180 నిమిషములకు అనుమతి లభించెను.

1962లో ఇంగ్లండున బ్రిస్టల్ సిడ్లీ వారు, యంత్రము నడచిన గంటకింతయని రుసుము గొని, మరమ్మతు భారము తామే వహించు పద్ధతి పెట్టిరి. దున్నిన దినములకే వెల ముట్టునన్నచో, ఎడ్ల బేరగాడు మంచి యెద్దునే తోలుకొనివచ్చును.

2025 నవంబరులో మన హైదరాబాదుననే సఫ్రాన్ వారి ‘లీప్’ యంత్రముల మరమ్మతు కర్మశాల ప్రారంభమయ్యెను. దేశమున విమానములు పెరుగుటయే దీనికి మూలము.

ఐనను అంగడి యొక్కటే చాలదు. చౌకనే కోరువానికి నాసిసరకే దొరకును. కొనువాని కోరికకు రాజశాసనము తోడైననే ప్రాణములకు రక్ష. కావున మరపడవకైనను యంత్రము కొనునపుడు, వెలకంటె ముందు, అది యెన్నినాళ్లు చెడక నడచునో యడుగుడు.