గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు: పాలకవర్గ ఎన్నిక విధానం

అమెరికాలో 1935లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడే నాటికి పది వ్యవసాయ క్షేత్రాలలో సుమారు ఒకదానికి మాత్రమే విద్యుత్తు ఉండేది. లాభం రాదని ప్రైవేటు కంపెనీలు తీగలు వేయని చోట, రైతులు సహకార సంఘాలుగా ఏర్పడి ప్రభుత్వ రుణంతో ఆ పని చేసుకొన్నారు.

ఈ సంఘాలలో వినియోగదారుడే సభ్యుడు. పది మోటార్లు నడిపే రైతుకైనా, రెండు దీపాలు వెలిగించే ఇంటికైనా ఓటు ఒక్కటే. సాధారణంగా సరఫరా ప్రాంతాన్ని విభాగాలు చేసి, ఒక్కొక్క విభాగం నుండి పాలకవర్గ సభ్యుని ఎన్నుకొంటారు. అనుభవజ్ఞులందరూ ఒకేసారి తొలగిపోకుండా ఏటా కొన్ని స్థానాలకే ఎన్నిక జరపడం పరిపాటి. అభ్యర్థులను నామనిర్దేశక సంఘం సూచిస్తుంది. లేదా నిర్ణీత సంఖ్యలో సభ్యుల సంతకాలు సేకరించి పోటీ చేయవచ్చు. పాలకవర్గమే నామనిర్దేశక సంఘాన్ని నియమించే చోట పాతవారే తిరిగి రావడం వింత కాదు. కనుక నియమావళిలో ముందుగా పరిశీలింపదగినది ఈ రెండవ మార్గమే.

విద్యుత్ ధరలను నిర్ణయించేది, మేనేజరును నియమించేది పాలకవర్గమే. అయినా అనేక సంఘాలలో పదవ వంతు సభ్యులైనా ఓటు వేయరు. వార్షిక సమావేశానికి స్వయంగా వచ్చి ఓటు వేయాలన్న నిబంధన ఉంటే, కోతల కాలంలో దూరపు రైతు రాగలడా?

తెలంగాణలోని సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం 1970లో ఈ నమూనాపైనే ఆరంభమైంది. 2022 డిసెంబరులో అక్కడ 15 డైరెక్టరు స్థానాలకు జరిగిన ఎన్నికలో రాజకీయ పార్టీలు బాహాటంగా ప్రచారం చేశాయి. అమెరికా సంఘాలలో అభ్యర్థులు సాధారణంగా పార్టీల పేరిట నిలబడరు.