టాంగా తీరంలో తేనెటీగలు

పిల్లలూ, పాళయంకోట్టై తెలుసుగా? మన మదురై నుంచి తిరునెల్వేలి దారి పట్టి దక్షిణంగా పోతే వస్తుంది. పాత మద్రాసు సైన్యం నుంచి వచ్చిన పటాలం ఒకటి ఆ ఊరి పేరు పెట్టుకుని ఉండేది, 63వ పాలంకోట లైట్ ఇన్‌ఫాంట్రీ అని. మద్రాసు సైన్యంలో తమిళులు, తెలుగువాళ్ళు, ముస్లింలు, క్రైస్తవులు అందరూ ఉండేవారు. మొదటి ప్రపంచయుద్ధం మొదలయ్యాక, 1914లో బ్రిటిష్‌వాళ్ళు ఆ పటాలాన్ని ఓడ ఎక్కించి ఆఫ్రికాకు పంపారు. అక్కడ జరిగిన పోరుకు 'తేనెటీగల యుద్ధం' అని పేరు పడింది. ఆ పేరు వింటే మనవాళ్ళ ఓటమికి కారణం తేనెటీగలే అనిపిస్తుంది. నేను ఒప్పుకోను.

జర్మన్ల చేతిలో ఉన్న టాంగా రేవును సముద్రం మీదుగా దిగి పట్టుకోవాలని పథకం. ఆ రేవు ఇప్పటి టాంజానియాలో ఉంది. జనరల్ ఐట్కెన్ కింద సుమారు 8,000 మంది అక్టోబరు 16న బొంబాయి నుంచి బయల్దేరారు. కొందరికి కొత్త రకం తుపాకులు చేతికొచ్చి ఎన్నాళ్ళో కాలేదు. కిక్కిరిసిన ఓడల్లో వాంతులతో జనం నీరసించిపోయారు. ఓడ ఊగుతోందని లోపలి చెవి చెబుతుంది, కళ్ళెదుట గది గోడ మాత్రం కదలదు. ఆ రెండు కబుర్లూ కుదరకే మెదడు కడుపును తిప్పేస్తుంది. మొంబాసాలో దింపి కాస్త తేరుకోనిద్దామంటే జనరల్ వద్దన్నాడు.

నవంబరు 2న 'ఫాక్స్' అనే యుద్ధనౌక రేవు ముందుకెళ్ళి, లొంగిపొమ్మని గంట గడువిచ్చింది. అంటే వస్తున్నామని ముందే చెప్పేశారన్నమాట! నీళ్ళలో మందుపాతర్లు ఉన్నాయేమోనని వెతుకుతూ ఇంకొంత కాలం పోగొట్టారు. ఈలోగా జర్మన్ సేనాని లెట్టో-ఫోర్బెక్ రైళ్ళలో బలగాన్ని దించుకున్నాడు. అతని దగ్గర ఉన్నది సుమారు వెయ్యి మందే. ముందు దిగిన 61వ పయనీర్లు, 13వ రాజపుత్రులు 3వ తేదీ ఉదయమే దెబ్బతిన్నారు. 4న అందరూ చిట్టడవిలోకి నడిచారు.

ఆ చెట్లకు, దొలిచిన దుంగలతో చేసిన తేనెపెట్టెలు వేలాడదీసి ఉన్నాయి. తుపాకిగుళ్ళు వాటికి తగిలి, ఈగలు సిపాయిల మీదికి లేచాయి. తేనెటీగ ముల్లుకు వెనక్కి తిరిగిన పళ్ళుంటాయి. అందుకే మన చర్మంలో దిగితే ఊడిరాదు. ఈగ చచ్చిపోతుంది, దాని విషపుతిత్తి మాత్రం అక్కడే ఉండి విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటుంది. ఆ ముల్లు దగ్గర నుంచే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ద్రవం ఆవిరై, అరటిపండు వాసన వేస్తుంది. ఊళ్ళో దండోరా వేసినట్టు ఆ వాసన మిగతా ఈగలన్నిటినీ అక్కడికే పిలుస్తుంది. ఒకటి కుట్టిన చోటే వంద కుట్టడానికి కారణం ఇదే. కోయంబత్తూరు పక్కనున్న నీలగిరుల్లో కురుంబ గిరిజనులు పెద్ద తేనెపట్టులకు పొగ పెట్టేది కూడా ఇందుకే: పొగలో ఆ వాసన ఈగలకు అందదు, పైగా ఈగలు కడుపునిండా తేనె తాగి మెతకబడతాయి.

అయితే ఈగలకు ఏ జెండా అయినా ఒకటే. అవి జర్మన్ల పక్షాన ఉన్నవాళ్ళనూ కుట్టాయి. జర్మన్లే దారాలు కట్టి ఈగలను వదిలారన్న పుకారు వట్టిది. ఈగలు రాకపోయినా గంట గడువు గంట గడువే, నీరసం నీరసమే. నేలను ముందుగా చూసుకోకపోవడం పెద్దల తప్పు. ఓడిపోయాక 5వ తేదీన అందరినీ మళ్ళీ ఓడలెక్కించారు. 800 మందికి పైగా చనిపోయారు, గాయపడ్డారు లేదా కనిపించకుండా పోయారు. సుమారు 6 లక్షల తూటాలు, వందల తుపాకులు తీరంలోనే వదిలేశారు. లెట్టో-ఫోర్బెక్ 1918 నవంబరు 25 దాకా లొంగలేదు.

చెదిరి పారిపోయారన్న నింద పాలంకోట పటాలానికి కూడా అంటుకుంది. జబ్బుపడ్డ మనుషులను, తెలియని అడవిలోకి, కాచుక్కూర్చున్న మరతుపాకుల ముందుకు తోసి, ఆపైన పిరికివాళ్ళనడం అన్యాయం. వాళ్ళు మన ఊళ్ళవాళ్ళు.

మదురైలోనో కోయంబత్తూరులోనో మీ ఇంటి పాత పెట్టెలో ముత్తాతగారి వెండి పతకం ఉంటే కరిగించకండి. అంచు చుట్టూ భూతద్దంతో చూడండి. ఆ యుద్ధపు వెండి పతకాల అంచు మీద సిపాయి నంబరు, పేరు, పటాలం చెక్కి ఉంటాయి. వాటిని చదివి రాసిపెట్టుకోండి.