ముత్తాత మిలిట్రీ కాగితాలు

మన హాస్టల్ విద్యార్థుల్లో భూమి లేని కుటుంబాల వాళ్లమే ఎక్కువ. అందుకని కరణం గారి పాత లెక్కల్లో మన తాతముత్తాతల కోసం వెతికితే పేరు దొరకదు. పట్టా లేదు, దస్తావేజు లేదు, బడి రిజిస్టరూ లేదు. అలాంటి మనిషి పేరు, తండ్రి పేరు, ఊరి పేరు కలిపి రాసిపెట్టిన చోటు ఒకటుంది. అదే సైన్యం. అంటరానివాళ్లని ఊరు వెలివేసిన రోజుల్లో కూడా మద్రాసు సైన్యం వాళ్లని చేర్చుకుంది. బొంబాయి వైపు చూస్తే, అంబేడ్కర్ గారి తండ్రి రామ్‌జీ సక్పాల్ సుబేదారు అన్న సంగతి మిత్రులకు తెలిసిందే.

పల్లెల్లో "మిలిట్రీ తాత", "బర్మా తాత" అనే పిలుపులు వింటుంటాం. ఇక్కడే ఒక జాగ్రత్త అవసరం. బర్మా వెళ్లినవాళ్లంతా సిపాయిలు కారు. గోదావరి, విశాఖ జిల్లాల నుంచి వేలమంది ఓడ ఎక్కి రంగూన్ బియ్యం మిల్లుల్లో, రేవులో కూలికి పోయారు. కాబట్టి ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగాలి. ట్రంకు పెట్టె దులపాలి. డిశ్చార్జి కాగితమో, పెన్షను పుస్తకమో, పతకమో ఉండొచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం పతకమైతే దాని అంచు మీద నంబరు, హోదా, పేరు, పటాలం సన్నని అక్షరాల్లో చెక్కి ఉంటాయి. (వెండి పతకం కనుక ఏ కరువు సంవత్సరంలోనో అమ్ముకుని ఉంటే ఆశ్చర్యపోనక్కరలేదు.)

అన్నిటికన్నా విలువైనది ఆ నంబరే. పేరుని నమ్ముకుంటే తిప్పలు తప్పవు. మన ఏసోబుని ఇంగ్లీషు గుమాస్తా తన చెవికి వినబడినట్టు రాసుకున్నాడు. ఒకచోట బాప్తిస్మం పేరు, ఇంకోచోట ఇంట్లో పిలిచే పేరు ఉంటాయి. ఇంటిపేరు అసలే ఉండకపోవచ్చు. జిల్లా సంగతీ అంతే. ఒంగోలు మనిషి 1914లో చేరితే కాగితంలో గుంటూరు జిల్లా అని ఉంటుంది, అదే 1904కు ముందైతే నెల్లూరు. ప్రకాశం జిల్లా వచ్చింది 1970లో. పశ్చిమ గోదావరి 1925లో ఏర్పడింది.

విచిత్రమేమిటంటే, తిరిగొచ్చిన వాళ్లకన్నా యుద్ధంలో చనిపోయిన వాళ్లని వెతకడమే సులువు. కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ రెండు ప్రపంచ యుద్ధాల మృతుల జాబితాను ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టింది. పేరు, నంబరు, పటాలం, చనిపోయిన తేదీ, కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా దొరుకుతాయి. అయితే అక్కడా వివక్ష లేకపోలేదు. ఇరాక్‌లోని బాస్రా స్మారకం మీద తెల్ల సైనికుల పేర్లు చెక్కి, మన సిపాయిలను పటాలానికి ఇంతమంది అని అంకెతో సరిపెట్టారు. మొదటి యుద్ధంలో మరణించిన 45,000 నుంచి 54,000 మందిని, ముఖ్యంగా భారతీయులను, ఆఫ్రికన్లను, సమానంగా స్మరించలేదని కమిషనే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది.

బతికి వచ్చినవాళ్ల కోసం పటాలం రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాసు రెజిమెంటుది నీలగిరి కొండల్లో వెల్లింగ్టన్‌లో ఉంది. మద్రాసు సాపర్లది బెంగళూరు. పెన్షను లేకుండా వచ్చినవారి సర్వీసు కాగితాలను 25 ఏళ్లకు తగలబెట్టేస్తారు. "రికార్డు లేదు" అన్న జవాబు ఎక్కువగా వచ్చేది అందుకే. అంతటితో ఊరుకోకూడదు. "లాంగ్ రోల్" అనే పెద్ద రిజిస్టరును మాత్రం ఉంచుతారు. అందులోని వివరం కావాలని పేరు పెట్టి అడగాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో అడిగితే ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. నిజాం సైన్యంలో చేసినవారైతే దారి వేరు. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి, ఉర్దూ, పార్సీ చదవగల పెద్దమనిషిని వెంట తీసుకెళ్లాలి.

మా మిత్రబృందంలో ఒకరి ముత్తాత కోసం రాస్తే రెండో ఉత్తరానికి గానీ జవాబు రాలేదు. వచ్చింది నాలుగు వరుసలే. నంబరు, చేరిన తేదీ, ఊరు, తండ్రి పేరు. ఆ తండ్రి పేరు వాళ్లింట్లో అప్పటివరకూ ఎవరికీ తెలియదు.