గర్భం ధరించక ముందే రుబెల్లా పరీక్ష

నెల తప్పిన తర్వాత డాక్టరు దగ్గరకు వెళ్లడం మనకు అలవాటు. కాని రుబెల్లా విషయంలో అప్పటికే ఆలస్యమవుతుంది. ఈ టీకాను గర్భిణీలకు వేయకూడదు. కాబట్టి చిల్కానగర్, ఉప్పల్, నాచారం ప్రాంతాల కొత్త దంపతులు ఈ విషయం ముందే తెలుసుకోవాలి.

రుబెల్లా అంటే ఏమిటి?

ఇది దగ్గు, తుమ్ముల తుంపరల ద్వారా వ్యాపించే వైరస్ జబ్బు. కొద్దిపాటి జ్వరం, ఒంటిపై ఎర్రని దద్దుర్లు, చెవుల వెనుక బిళ్లలు వచ్చి కొద్ది రోజుల్లో తగ్గిపోతాయి. కొందరికి ఏ లక్షణమూ ఉండదు.

బిడ్డకు ఏమవుతుంది?

తల్లికి తేలికైన ఈ జబ్బు కడుపులోని బిడ్డకు పెను ప్రమాదం. గర్భం తొలి వారాల్లో సోకితే నూటికి 90 వరకు బిడ్డకు హాని జరగవచ్చు. గర్భస్రావం కావచ్చు. పుట్టిన బిడ్డకు కంటిలో శుక్లాలు, చెవుడు, గుండె జబ్బు రావచ్చు. ఈ సంబంధాన్ని 1941లో ఆస్ట్రేలియా కంటి డాక్టరు నార్మన్ గ్రెగ్ మొదట గుర్తించారు.

పరీక్ష ఎవరికి అవసరం?

2017 ఆగస్టులో తెలంగాణలో 9 నెలల నుండి 15 ఏళ్లలోపు పిల్లలకు మీజిల్స్-రుబెల్లా టీకాలు వేశారు. అప్పటికే ఆ వయసు దాటినవారికి ఆ అవకాశం దక్కలేదు. నేడు తల్లులు కావాలనుకునేవారిలో చాలామంది వారే. "చిన్నప్పుడు నాకు తట్టు పోసింది" అనుకుని ఊరుకోకండి. దద్దుర్లు వచ్చే జబ్బులు అనేకం. టీకా వేసినట్లు కార్డు లేకపోతే రుబెల్లా ఐజీజీ అనే రక్తపరీక్ష చేయించుకోండి.

ఫలితం వచ్చాక ఏం చేయాలి?

* రక్షణ ఉందని తేలితే టీకా అవసరం లేదు.
* రక్షణ లేకపోతే డాక్టరు సలహాతో ఎం.ఎం.ఆర్. టీకా వేయించుకోండి. ఆ తర్వాత ఒక నెల వరకు గర్భం రాకుండా జాగ్రత్తపడండి.
* తెలియక గర్భంతో ఉండగా టీకా వేయించుకుంటే భయపడవద్దు, అంతమాత్రాన గర్భం తీయించుకోనవసరం లేదు. డాక్టరుకు చెప్పండి.
* ఇప్పటికే గర్భవతులైతే దద్దుర్లు, జ్వరం ఉన్నవారికి దూరంగా ఉండండి. అలాంటివారి దగ్గర మెలిగితే వెంటనే డాక్టరుకు తెలపండి. కాన్పు తర్వాత టీకా వేయించుకోవచ్చు, బిడ్డకు పాలివ్వడం మానకూడదు.

మీ పిల్లలకు 9 నెలలు నిండగానే మొదటి డోసు, 16 నుండి 24 నెలల మధ్య రెండవ డోసు తప్పక వేయించండి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఇది ఉచితం. ఇంట్లోని చిన్నపిల్లలకు రుబెల్లా రాకపోతే ఆ ఇంటి గర్భిణీకీ రక్షణే.